కెమెరా కింది తువ్వాల

మా బావ మిర్యాలగూడలో పెళ్లి వీడియోలు తీసేవాడు. ఊళ్లో ఎన్ని పెళ్లిళ్లకు పోయినా ఒక్క వీడియోలోనూ కనిపించడు. ఎప్పుడూ కెమెరా వెనకే కదా. ఆయన పోయాక వాటిలో మాకు మిగిలింది గొంతొక్కటే. "జర ఇటు సూడండి", "అమ్మా, కొంచెం నవ్వాలె", "తలంబ్రాలు మెల్లగ పొయ్యండి". మా అక్క ఆ మాటలున్న ముక్కలన్నీ ఏరి ఒక వీడియోగా కూర్చింది. ఎడిటింగ్ ఆయన దగ్గరే నేర్చుకుంది. సంవత్సరీకం నాడు అందరికీ వినిపించాలని ఆమె పట్టుదల.

కంప్యూటర్ సాగనివ్వలేదు. మామూలుగా బాగానే నడిచేది. ముక్కలన్నీ కలిపి ఒక్క ఫైలుగా చేయమంటే మాత్రం సగంలో ఠక్కున ఆరిపోయేది.

నాకు కోదాడలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఉంది. ఇంటివాళ్ల పనంటే నాకు మొదటినుంచీ చిరాకు. అయినా వెళ్లి కంప్యూటర్ డబ్బా విప్పాను. రైస్ మిల్లుల దుమ్ము ఫ్యాన్లకు మందంగా పట్టి ఉంది. దొంగ దొరికాడనుకున్నాను. అంతా ఊది, తుడిచి, ప్రాసెసర్ మీద వేడిని లాగే కొత్త పేస్టు రాశాను. నేనున్నంతసేపూ బాగానే నడిచింది. బస్సు కోదాడ చేరకముందే అక్క ఫోన్ చేసింది.

"మళ్ల ఆగింది తమ్మి."

డబ్బాను కోదాడ తెచ్చాను. పవర్ సప్లై మార్చాను. రోజంతా దానికి పెద్ద పని అప్పగించి చూశాను, ఒక్కసారీ ఆగలేదు. తిరిగి ఇచ్చిన మర్నాడే మళ్లీ అదే కథ. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

"నువ్వే ఏమన్న నొక్కుతున్నవా అక్కా?"

"నేనేం నొక్కుత? పక్కన కూసుంట, అంతే."

సంవత్సరీకం దగ్గరపడింది. ఈసారి చెప్పకుండా వెళ్లాను. తలుపు తీసే ఉంది. తెర మీద పని నడుస్తోంది, అక్క పక్కనే కూర్చుని ఉంది. డబ్బా మీద, వేడిగాలి బయటికి పోయే జాలీని మూసేస్తూ, బావ తువ్వాల పరిచి ఉంది. కెమెరా భుజాన్ని కోయకుండా దాని కింద వేసుకునేవాడు. నేను వస్తున్నానని తెలిసినప్పుడల్లా తీసి దాచేసిందన్నమాట.

నా ఒళ్లు మండింది.

"ఇదేం పనక్కా? దానికి ఊపిరాడకుండ జేసి, నన్ను ఇన్నిసార్లు తిప్పుతవా?"

 అక్క నా చెయ్యి పట్టుకుని ఆ తువ్వాల మీద పెట్టింది.

"పని నడుస్తుంటే వెచ్చగైతది" అంది. "మీ బావ పెళ్లి నుంచొచ్చి, ఇప్పుడే భుజం మీదికెల్లి తీసి పెట్టినట్టుంటది."

 అరిచినందుకు సిగ్గనిపించింది. కానీ చెప్పక తప్పలేదు.

"అది తియ్యకపోతే బావ గొంతు బయటికి రాదక్కా."

 అక్క తనే తువ్వాల తీసి, మడిచి, ఒడిలో పెట్టుకుంది. నేను పని మళ్లీ మొదటినుంచి పెట్టాను. ఇద్దరం తెర వైపే చూస్తూ కూర్చున్నాం. ఈసారి ఆగలేదు.

వీడియో పెట్టాను. "జర ఇటు సూడండి" అన్నాడు బావ. అక్క చూడలేదు. రెండు చేతులూ తువ్వాల మీదే ఉన్నాయి.

"సల్లగైంది తమ్మి" అంది.