హమీదా ఖాలా నీలం డ్రమ్ము

మా కొల్లూరు డబుల్ బెడ్రూం కాలనీల మా ఎదురింట్ల ఉండే హమీదా ఖాలా సంగతి చెప్తా, ఇనుండ్రి. పిన్నిని వాళ్లల్ల ఖాలా అంటరు, మేమూ గట్లనే పిలుస్తం. ఆమెది కూరగాయల బండి. తెల్లారంగనే పటాన్‌చెరు మార్కెట్ల మాల్ కొని ఆటోల తెస్తది, మా బ్లాకు గేటు కాడ అమ్ముతది. తూకంల మోసం ఉండదు. కొసరు అడిగితే మాత్రం "కొసరెందుకు, బండే తీస్కపో" అని ఎగిరిపడ్తది.

గసొంటి మనిషిని ఒక పసిపోరడు పరేషాన్ చేసిండు. మనుమడు తౌహీద్. పోరనికి పాలతోని పాటు కూరగాయల గుజ్జు గూడ పెట్టుమని దవాఖానల నర్సమ్మ చెప్పింది. గంతటితోని ఊకున్నా బాగుండు. "మంచిగ కడుగుండ్రి, పంటల మీద మందులు మస్తు కొడుతున్నరు" అని ఇంకో మాట ఏసింది. ఇగ చూడుండ్రి! ఇన్నేండ్ల సంది అవే కూరగాయలు అమ్మి, అవే వండుకతిన్న మనిషి సొంత బండి దిక్కే అనుమానంగ చూసుడు షురూ చేసింది.

"పుష్పా, ఈ టమాటకు మందు కొట్టిన్రా, లేదా? చూస్తే మంచిగనే ఉన్నది గదా బేటీ" అని నన్ను అడుగుతది. నేను కంపెనీ క్యాంటీన్ల గిన్నెలు తోమేదాన్ని, నాకేం ఎరుక?

కనవడ్డోళ్లనల్ల అడిగింది. ఉప్పు నీళ్లల్ల నానబెట్టుమన్నది ఆమె చెల్లె. ఫ్యాక్టరీ నౌకరికని గోదావరి దిక్కు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన సూర్యారావు సారు "ఉప్పు చాలదండీ హమీదమ్మగారూ, వెనిగర్ వెయ్యాలి" అన్నడు. ఫోన్ల వీడియోనేమో వంటసోడా అన్నది. మార్కెట్ల పాలకూర అమ్మే చిన్నరాములు నవ్విండు. "కొన్ని మందులు పైన ఉంటయి, కొన్ని లోపటికే పోతయి అక్కా. కడిగితే పైదే పోతది" అన్నడు. దాంతోని ఆమెకు ఉన్న మతి గూడ పోయింది. ఏది పైన ఉన్నదో, ఏది లోపటికి పోయిందో ఎట్ల తెల్వాలె? ఎందుకైనా మంచిదని ఉప్పు, చింతపండు, సోడా, పసుపు అన్ని ఒక్క గంజులనే పోసి నానబెట్టుడు మొదలువెట్టింది.

"ఖాలా, కూరగాయలు కడుగుతున్నవా, పులుసు పెడుతున్నవా?" అన్న నేను. నవ్వలే.

మనుమనికి కడిగినంక గూడ మనసు ఊకోలే. కాలనీల ఇంకా పసిపిల్లలు ఉన్నరు గదా, బండి మాల్ అంత కడిగే అమ్ముతా అన్నది. అంత మాల్‌కు గంజు ఏం సరిపోతది? పాశమైలారం తొవ్వల పాత సామాన్ల దుకాణం నుంచి నీలం డ్రమ్ము తెచ్చింది. మా దిక్కు ఎవరింటికి పోయినా గా డ్రమ్ములే ఉంటయి. కంపెనీలల్ల ఖాళీ అయినంక బయటికొస్తయి, సస్తాగ దొరుకుతయి, నీళ్లు పట్టుకుంటం. ఎవరికి అనుమానమొస్తది? నాకూ రాలే. "మంచి డ్రమ్మే దొరికింది ఖాలా" అన్న.

అప్పటిసంది పొద్దుగాల మాల్ అంత గా డ్రమ్ములనే మునుగుతుండె. పోరనికి పెట్టే క్యారెట్టు, పాలకూర గూడ అండ్లనే.

ఒకనాడు ఎండ కడక్ కొట్టింది. డ్రమ్ము మూత తీయంగనే గుప్పున వాసన, కంపెనీల కాడ వచ్చే ఘాటు వాసన. ఆమె కొడుకు నదీమ్, కంపెనీల హెల్పరు, అప్పుడే డ్యూటీ దిగి వచ్చిండు. వంగి వాసన చూసిండు.

"అమ్మీ, ఇండ్ల ఏముండె?"

"కూరగాయలు."

"గది కాదు, అంతకుముందు ఏముండె?"

ఆమెకు తెల్వదు. ముగ్గురం దుకాణానికి ఉరికినం. దుకాణపాయన చేతులెత్తేసిండు. "సబ్బు నూనెనో, ఆసిడో, నాకేం ఎరుకమ్మా? డ్రమ్ములొస్తయి, నీళ్లు కొట్టి కడుగుతం, అమ్ముతం. మీరు నీళ్లు పట్టుకుంటరు అనుకున్న" అన్నడు.

"నీళ్లకైతే మంచిదా?" అని నేను లొల్లి పెట్టిన. ఆయన ఇంకో గిరాకీ దిక్కు మళ్లిండు. మా ఇంట్ల గూడ గసొంటి డ్రమ్మే ఉన్నదని అప్పుడు యాదికొచ్చింది.

దవాఖానల డాక్టరమ్మ పోరన్ని మంచిగ చూసింది. "ఇప్పటికైతే బాగనే ఉన్నడు. డ్రమ్ముల ఏముండెనో చెప్పుండ్రి, ఏం పరీక్ష చేయాల్నో చూస్తా" అన్నది. తెల్వదన్నడు నదీమ్. పేరు తెల్వకుంటే నేను మాత్రం ఏం చెప్పాలె అన్నది డాక్టరమ్మ. వాంతులైనా, పోరడు మత్తుగ పడి ఉన్నా ఎంటనే తీస్కరమ్మన్నది. కడుగుడు సంగతి గూడ చెప్పింది. నల్లా తిప్పి, పారే నీళ్ల కింద చేతితోని రుద్ది కడుగాలె. పొట్టు తీయాలె. ఆకుకూరల పైఆకులు పారేయాలె. ఉడకబెట్టి పెట్టాలె. "మొత్తం పోదు గని శానా తగ్గుతది" అన్నది.

"మొత్తం పోదా?" అన్నది ఖాలా. తొవ్వ పొడుగూత గదే మాట.

తెల్లారి గేటు కాడ నిలబడి, కొన్నోళ్లందరికి డ్రమ్ము సంగతి దాచకుండ చెప్పింది. తిట్టిన్రు. ఒకామె "మా పిల్లలకు గూడ పెట్టినవు గదా" అని మొఖం మీదనే అన్నది. ఖాలా తలకాయ వంచుకున్నది. నాకు కోపం ఆగలే, గని ఎవరి మీద రావాల్నో సమజ్ కాలే. మందు కొట్టినోళ్ల మీదనా? డ్రమ్ము అమ్మినోని మీదనా? కడుగుమన్న నర్సమ్మ మీదనా? నేను గూడ ఆ కూరగాయలే వండి నా పిల్లలకు పెట్టిన. ఖాలాను ఒక్క మాట అందామంటే నోరు రాలే.

ఆ మధ్యాహ్నం ఆమె క్యారెట్టును నల్లా కింద రుద్ది రుద్ది కడిగి, గీకి, ఉడకబెట్టి మెదిపింది. చెంచా పోరని నోటి దాక తెచ్చింది. వాడు నోరు తెరిచిండు. ఖాలా చెయ్యి ఆగింది. చెంచా మళ్లించి తన నోట్లనే పెట్టుకున్నది. జెరసేపు కూసున్నది. ఇంకో చెంచా తీసింది, అదీ తన నోట్లకే. పోరడు ఏడుపు అందుకున్నడు.

"ఏం చూస్తున్నవు ఖాలా?" అన్న.

"నాకేమన్న అయితదేమోనని."

"ఎప్పటిదాక చూస్తవు?"

"తెల్వదు బేటీ."

కోడలు అనమ్ లోపటి నుంచి వచ్చి గిన్నె తీసుకున్నది. పోరన్ని ఒళ్లె కూసోబెట్టుకొని చెంచా నోట్ల పెట్టింది. మస్తు ఆకలి మీదున్నడు, గుటుక్కున మింగి మళ్ల నోరు తెరిచిండు.

హమీదా ఖాలా కండ్లు గట్టిగ మూసుకున్నది.