ఆర్డిస్ మోకాట్లో జెల్లీ

మా మినెసోటాలో ఆర్డిస్ టోలెఫ్‌సన్ కుడి మోకాట్లో ఒక పంది కాపురం పెట్టింది. సరే, మొత్తం పంది కాదు లెండి. పంది తోలు ఉడికించి తీసిన జిగురులో ఏవో మందులు కలిపి గట్టిపరిచిన జెల్లీ, చెంచాడు. కీలులో గుజ్జు అరిగిన చోట దాన్ని నింపితే కొత్త గుజ్జు పుడుతుందేమోనని డాక్టర్లు పరీక్షలు చేస్తున్నారు.

ఆర్డిస్‌కు జెల్లీ అంటేనే డోకు. చిన్నప్పటి నుంచీ చర్చి విందుల్లో క్యారెట్ తురుము వేసిన ఆకుపచ్చ జెల్లీని, బాగుందని అబద్ధమాడుతూ మింగిన మనిషి. గిన్నె కదిలితే అది వణికే తీరుకే ఆమె ఒళ్లు జలదరిస్తుంది. కానీ మోకాట్లో ఎముకకు ఎముక ఒరుసుకుంటోంది. మంచు మీద వంగి రాయి జారవిడిచి, దాని ముందు చీపుళ్లతో ఊడ్చే కర్లింగ్ ఆట ఇక సాగేలా లేదు. జట్టులో ఆమె చోటు ఊడేలా ఉంది.

డాక్టర్ పగానో న్యూజెర్సీ మనిషి, మా వైపు మర్యాదలు తెలియవు.

"పరీక్షలో ఒక్క చోటే మిగిలిందమ్మా. చేరతారా?" అన్నాడు.

"అయ్యో, నాకెందుకండీ! ఇంకెవరికైనా ఇవ్వండి."

"సరే," అని ఆయన కాగితం పక్కన పెట్టేశాడు.

ఆర్డిస్ నిర్ఘాంతపోయింది. మా వైపు కప్పు కాఫీ ఇస్తామన్నా రెండుసార్లు వద్దని, మూడోసారికి ఒప్పుకోవాలి. మొదటే సరేనంటే కక్కుర్తి మనిషి అనుకుంటారు.

ఇంటికొచ్చి చెల్లెలు లవోన్ మీద విరుచుకుపడింది. "ఏం పెంపకమే అది? ఒక్కసారి అడిగి ఊరుకున్నాడు!"

"వద్దన్నవాళ్లని మళ్లీ అడిగితే బలవంతం చేసినట్టట అక్కా. ఇలాంటి పరీక్షల్లో డాక్టర్ల నియమం."

"ఛీ! పంది జిగురు పెట్టించుకోవడమే రోత. పైగా దాన్ని నోరు తెరిచి అడుక్కోవాలా?"

"అయితే మానెయ్. నీ చోటుకోసం క్లబ్బులో ఆ బెర్నీస్ ఎప్పుడో చీపురు పట్టుకుని నిలబడింది."

మర్నాడు ఆర్డిస్ డాక్టర్ ముందు కూర్చుని, గోడకేసి చూస్తూ, ముక్కు ముడుచుకుని, "నాకది కావాలి," అంది. పుట్టాక అలాంటి మాట అనడం అదే మొదలు. నోరు కడుక్కోవాలనిపించింది.

"నిన్న వద్దన్నారుగా?"

"నిన్న మర్యాద కోసం అన్నాను."

"మరి ఇవాళ?"

"ఇవాళ మర్యాద లేదు. త్వరగా పెట్టండి. నేను మాత్రం దానివంక చూడను."

మరుసటి ఏడు చలికాలంలో ఆర్డిస్ మంచు మీద వంగి రాయి వదిలింది. బెర్నీస్ మొహం మాడింది.

క్లబ్బులో ఈ కథ ఎవరెత్తినా ఆర్డిస్‌ది ఒకటే జవాబు: "శుద్ధ అబద్ధం. నా మోకాలికేం, ఎప్పుడూ బాగానే ఉంది. నేనెవర్నీ ఏదీ అడగలేదు."