మా వీధిని గోడ మీద నిలబెట్టిన మాస్టారు

మా డ్రాయింగ్ మాస్టారు పోయి ఇంకా నెల కాలేదు. ఆ రోజు పొద్దున్నే స్టూడియో షట్టరు ఎత్తుతుంటే అమ్మగారు, అంటే మాస్టారి భార్య, ఫోన్ చేశారు. "మీ మాస్టారు నిద్దర్లోనే ఎల్లిపోనారు నాయనా" అన్నారు. ఎత్తుతున్న షట్టరు సగంలో వదిలేశాను. ఆవిడే మళ్ళీ, "మంచి ఫోటో ఒకటుంటే పట్రా. దినం నాడు దండెయ్యాల. ఆధార్ కార్డులో ఫోటో సూస్తే ఎవుల్నో తిట్టబోతన్నట్టున్నారు" అన్నారు.

ఇరవయ్యేళ్ళుగా నరసన్నపేటలో పెళ్ళిళ్ళకు ఫోటోలూ వీడియోలూ తీస్తున్నవాణ్ణి. నాకు చూడడం నేర్పిన మనిషి ఫోటో మాత్రం నా దగ్గర ఒక్కటీ లేదు. కెమెరా ఎత్తితే చాలు, "నన్నేటి తీస్తావు, అదిగో ఆ కోడిని తీయి" అని మొహం తిప్పేసుకునేవారు. ఎక్కడికి పోతారులే, ఇంకోసారి తీద్దాం అనుకునేవాణ్ణి. సిగ్గుగా ఉంది చెప్పడానికి.

ఆరో తరగతిలో మొదటి రోజు గేదె బొమ్మ వెయ్యమన్నారు. వేసి చూపిస్తే, "మీ గేదెకి కొమ్ములెటు తిరిగుంటాయిరా?" అని అడిగారు. చేతులతో ఒకసారి పైకి, ఒకసారి పక్కకి చూపించాను. "రోజూ పాలు తాగుతావు గాని దాన్ని ఒక్కసారీ సూడ్లేదన్నమాట. ఎల్లి సూసిరా" అని నిజంగానే ఇంటికి పంపించేశారు. నేను గేదె ముందు కూర్చుంటే బడి ఎగ్గొట్టాననుకుని మా అమ్మ వీపు విమానం మోత మోగించింది. ఆ సాయంత్రం మాస్టారు మా ఇంటికొచ్చి, "తప్పు నాదమ్మా" అన్నారు. బొమ్మ మాత్రం మళ్ళీ వేయించారు.

కరోనా మొదటి లాక్‌డౌన్‌లో పెళ్ళిళ్ళు లేక నా ప్రొజెక్టరు మూలపడింది. అప్పటికే రిటైరైన మాస్టారు ఒక రోజు మూతికి తువ్వాలు కట్టుకుని వచ్చి, గుమ్మం బయటి నుంచే పిలిచారు. "ఒరే, మనం తలుపులేసుకుని కూకున్నాం. సెత్త తీసేవోళ్ళు, నర్సమ్మలు, కరెంటోళ్ళు మన కోసం తిరగతన్నారు. ఆళ్ళకి ఒక్క మాటైనా సెప్పినామా?"

ఇంటింటివాళ్ళ చేతా ఒక మంచిమాట చెప్పించి వీడియో తీసి, అదంతా ఒకటిగా అతికి, పాత రైసుమిల్లు గోడ మీద వెయ్యాలని ఆయన ఆలోచన. వీధి మధ్యలో స్టూలు వేసి, దాని మీద ఒక ఇటుక నిలబెట్టి, నా ఫోన్ దానికి ఆనించేవారు. తను నాలుగడుగులు వెనక్కి వెళ్ళి నిలబడేవారు. ఎవరి గుమ్మంలో వాళ్ళు.

తీరా చూస్తే ఒక్కరూ మాట్లాడలేదు. మా వాళ్ళ లెక్కలో అది ఫోటో. జుట్టు దువ్వుకుని, పిల్లల చొక్కాలు సర్ది, మాస్కులు గడ్డం కిందికి లాగి, ఊపిరి బిగబట్టి ఫోన్ వంక చూస్తూ నిలబడిపోయారు. ఏదైనా చెప్పండి అంటే ఇంకా బిగుసుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆ మౌనం మీద నాదస్వరం వేసి, తెర నిండా పూలరేకులు రాల్చాను.

మాస్టారు చూసి, "ఇదేటి, పెళ్ళోరి ఎదురుకోలా? అన్నీ తీసీ" అన్నారు.

"మాటల్లేవు కద మాస్టారూ."

"మాటలెందుకురా? సూస్తన్నారు కదా. సూడనీ."

దీపాలు పెట్టే వేళకి మిల్లు ముందు దూరందూరంగా కుర్చీలు వేసి చెత్త తీసేవాళ్ళనీ, నర్సమ్మల్నీ, కరెంటువాళ్ళనీ కూర్చోబెట్టాం. గోడ మీద మా వీధి మనుషులు నిలువెత్తున ఒక్కొక్కరే వచ్చి, మాటాపలుకూ లేకుండా ఎదురుగా ఉన్నవాళ్ళని చూశారు. మా వీధిలో చెత్త బండి తోసే ఆవిడ కొంగు సర్దుకుని, సర్దుకుని, చివరికి అడిగింది.

"ఏటి బాబూ, ఇలగ సూస్తన్నారు?"

"నిన్నేనమ్మా" అన్నారు మాస్టారు. "ఇన్నాళ్ళూ సూడ్లేదు, ఇప్పుడు సూస్తన్నారు."

ఆవిడ కొంగు వదిలేసి కుర్చీలో వెనక్కి ఆనుకుంది. అయిపోయాక, మరోసారి వెయ్యమంది. మళ్ళీ వేశాం.

అమ్మగారు అడిగిన ఫోటో కోసం ఈ మధ్య నా పాత హార్డ్‌డిస్కులన్నీ గాలించాను. ఆ వీడియో దొరికింది. అందులో మా వీధంతా ఉంది, ఆయన లేరు. దినం నాడు ఆధార్ ఫోటోనే పెద్దది చేయించి పెట్టాం. మనసు ఊరుకోక, అప్పట్లో ఒక్కో వీడియో చివర నేను కత్తిరించి పక్కన పడేసిన ముక్కలు కూడా తెరిచాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు ల్యాప్‌టాప్ పట్టుకుని అమ్మగారి దగ్గరికి వెళ్ళాను.

"ఫోటో కాదమ్మా. ఇది చూడండి" అన్నాను.

ప్రతి ముక్కా ఒకేలా ఉంటుంది. బిగదీసుకున్న మొహం వదులవుతుంది. ఊపిరి వదులుతారు. ఫోన్ మీది నుంచి చూపు పైకెత్తి, దాని వెనకనున్న మనిషి వైపు తిప్పి నవ్వుతారు. "అయిపోనాదా మాస్టారూ?" అని అడుగుతారు. ఒకరి తరవాత ఒకరు, ముసలీ ముతకా, పిల్లా పెద్దా, అందరిదీ అదే మాట. కనిపించని చోటి నుంచి ఆయన గొంతు వినిపిస్తుంది. "ఇంకాసేపు ఉండమ్మా."

తెర మీద అందరూ అమ్మగారి భుజం మీదుగా ఆయన్ని చూసి నవ్వుతున్నారు. ఆవిడ చివరి ముక్క దాకా చూశారు. తరవాత మెల్లగా వెనక్కి తిరిగి చూశారు.