గిడియోన్ ఎందుకు దూకలేదు

సౌభాగ్యమ్మ తన బతుకులో ఒకే ఒక్క మనిషిని కొట్టింది. ఆ దెబ్బకు అతని ఎడమ చెవి శాశ్వతంగా వినబడకుండా పోయింది.

అప్పుడామె నర్సు చదువు అప్పుడే ముగించిన పిల్ల. మెదక్‌లో చర్చి వెనక వీధిలో ఉండే ఏలీయా పంతులు కొడుకు గిడియోన్‌తో ఆ ఎండాకాలమే పెళ్లయింది. గిడియోన్ వైమానిక దళంలో బాంబర్ విమానం నడిపేవాడు. డెబ్బై ఒకటి డిసెంబరులో యుద్ధం మొదలైంది. వాడకట్టులో క్రిస్మస్ నక్షత్రాలు కడుతుండగా మిలిటరీ లారీలో శవపెట్టె వచ్చింది.

మూతకు చుట్టూ మరలు బిగించి ఉన్నాయి. తెరవకపోవడమే మంచిదని వెంట వచ్చిన ఆఫీసరు చెప్పాడు. చుట్టాలూ అదే అన్నారు. సౌభాగ్యమ్మ ఎవరి మాటా వినలేదు. సమాధి గుంత తవ్వుతున్నవాళ్ల చేతిలోంచి గడ్డపార లాక్కుని, మూత సందులో దూర్చి పెకిలించింది. బొగ్గయి కుంచించుకుపోయిన ఒళ్లు. గుద్దడానికి ఎత్తినట్టు బిగుసుకుపోయిన పిడికిళ్లు. పెదాలు కాలిపోయి బయటపడ్డ పళ్లు. ముందరి వంకర పన్ను చూసి మొగుడని గుర్తుపట్టింది. ఏలీయా అక్కడే కూలబడి వాంతి చేసుకున్నాడు. మూత మళ్లీ ఆమే వేసింది.

ఎండలు ముదిరేనాటికి చంకకర్ర ఊతంతో అప్పలస్వామి వచ్చాడు. విజయనగరం మనిషి, ఆ విమానంలోనే దారి చూపే నావిగేటరు. జరిగింది చెప్పుకోకపోతే నిద్ర పట్టడం లేదన్నాడు.

శత్రువుల చమురు ట్యాంకుల మీద బాంబులు వదిలారు. కింద ఊరంత మంట లేచింది. తిరిగి వస్తుంటే ఫిరంగి గుండ్లు తగిలి రెక్క చీలింది. ఒక ఇనుప ముక్క అప్పలస్వామి తొడలో దిగి ఎముక విరిచింది. మీట లాగితే మనిషితో సహా బయటికి ఎగిరిపోయే సీటు ఆ విమానంలో పైలట్‌కు ఒక్కడికే ఉంటుంది. నావిగేటరు తలుపు దాకా పాకి దూకాల్సిందే. అతను కదల్లేకపోయాడు. మీరైనా వెళ్లండి సార్ అని బతిమాలాడు. "నోరు మూస్కొని కూసో స్వామీ" అన్నాడు గిడియోన్.

ఎలాగో సరిహద్దు దాటించాడు. చక్రాలు బయటికి రాలేదు. విమానం పొట్ట మీద నేలను రాసుకుంటూ పోయి రెండుగా విరిగింది. ముక్కు భాగం దూరంగా దొర్లితే, సిపాయిలు అందులోంచి అప్పలస్వామిని ఈడ్చుకొచ్చారు. గిడియోన్ ఇరుక్కున్న భాగం భగ్గుమంది.

"ఒర్లిండా?" అని అడిగింది సౌభాగ్యమ్మ.

"అరిచాడమ్మా. నీళ్ల బండి వచ్చేసరికి ఆ అరుపు ఆగిపోయింది."

ఆమె చంకకర్ర గుంజుకుని అతని తల మీద కొట్టింది. కిందపడితే భుజాల మీద, వీపు మీద కొట్టింది. నువ్వెందుకు బతికినవని అడుగుతూనే కొట్టింది. చెవిలోంచి రక్తం కారుతున్నా అతను చెయ్యి అడ్డం పెట్టలేదు. ఏలీయా, ఇరుగుపొరుగు కలిసి ఆమెను లాగి పట్టుకున్నారు.

ఆమె మళ్లీ పెళ్లి చేసుకోలేదు. దవాఖానలో కాలిన గాయాల వార్డు అడిగి మరీ తీసుకుంది. స్టవ్ పేలినవాళ్లకు, కిరోసిన్ పోసుకున్నవాళ్లకు కట్లు కడుతూ రిటైరైంది. అప్పలస్వామి ఆ తర్వాత రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ తలుపు వేసుకుంది.

పోయిన డిసెంబరులో మళ్లీ వచ్చాడు. కొడుకు భుజం పట్టుకుని, వణుకుతూ. సౌభాగ్యమ్మ దగ్గర ఉంటున్న మరిది మనవరాలు వినీల, పెద్దాయనను వాకిట్లో నిలబెట్టలేక లోపల కూర్చోబెట్టింది. సౌభాగ్యమ్మ అతనికి వినబడే చెవి వైపు కుర్చీ జరుపుకుంది.

"కొట్టాల్సింది నిన్ను గాదు. ఆయన్ని. బతికే మీట ఆయన చేతులనే ఉండె. ఇంట్ల పెండ్లాం ఉన్నదని తెలువదా? నిన్ను ఇడిచిపెట్టలే, నన్ను ఇడిచిపెట్టిండు. గిప్పటికీ నాకు కోపమే."

ఆమె అతని చెవి దగ్గరికి వంగింది.

"నా పేరన్న తీసిండా?"

అబద్ధం చెప్పినా కాదనేవాళ్లు ఎవరూ లేరు. అప్పలస్వామి తల అడ్డంగా ఊపాడు. "లేదమ్మా. బెల్టు బిగించుకోమన్నాడు. అదే ఆఖరి మాట."

సౌభాగ్యమ్మ కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది. అన్నం తిని పొమ్మని తానే పళ్లెం పెట్టింది.

ఫిబ్రవరిలో అతను పోయాడని ఫోన్ వచ్చింది. మోకాళ్లు సహకరించకపోయినా ఆమె వినీలను తీసుకుని రైల్లో విజయనగరం వెళ్లింది. ఆ ఇంటినిండా మనుషులే. కొడుకులు, కోడళ్లు, మనవలు, నేల మీద పాకే ముని మనవడు ఒకడు. ఒక మూల కూర్చుని ఒక్కొక్కరి మొహమూ చూసింది. మీరెవరని అడిగినవాళ్లకు గిడియోన్ భార్యనని మాత్రం చెప్పింది.

తిరుగు రైలు సగం దారి దాటింది. ఆమె వినీల చెయ్యి పట్టుకుంది.

"మస్తుమంది ఉన్నరే" అంది.