కనకమ్మక్క ఊఁ కొట్టని వాక్యం

నిన్న మధ్యాహ్నం నా ఫోను నా కథనే నాకు చదివి వినిపించింది. కళ్ళలో శుక్లాలు ముదిరాయి, పబ్లిషరు పంపిన ప్రూఫులు చూడలేకపోతున్నానని అంటే, పక్కింటావిడ వచ్చి ఫోనులో ఏదో నొక్కి, ఇక అదే చదువుతుందని చెప్పి వెళ్ళింది. ఆడగొంతు. తప్పుల్లేకుండానే చదివింది. కానీ కామా దగ్గర కామా అనలేదు. వాక్యం ముగిశాక ఎవరి కోసమూ ఆగలేదు. రెండు పేజీలు విని ఆపేశాను. నలభై నాలుగేళ్ళ కిందట చింతాద్రిపేటలో ఒక చెక్కబల్లకు అవతల కూర్చుని నా చదువుకు ఊఁ కొట్టిన మనిషి గుర్తుకొచ్చింది. ఆమె గురించి ఎన్నడూ రాయలేదని చెప్పుకుంటూ వచ్చాను. అది అబద్ధం. ఒకసారి రాశాను.

కనకమ్మక్క ఒక తెలుగు ప్రెస్సులో ప్రూఫ్ రీడరు. నేను ఆమెకు కాపీ చదివేదాన్ని. ఈ పని ఇప్పుడు లేదు కనుక వివరంగా చెబుతాను. రచయిత చేత్తో రాసిచ్చిన కాగితాలు కాపీ. సీసపు అక్షరాలు పేర్చి తీసిన పొడుగాటి నమూనా కాగితం ప్రూఫు. కాపీ నా చేతిలో ఉంటుంది, ప్రూఫు ఆమె ముందు ఉంటుంది. నేను కామాలు, చుక్కలతో సహా పైకి చదవాలి. ఆమె ప్రూఫులో నా వెంట వస్తుంది. వాక్యం సరిపోతే "ఊఁ" అంటుంది. తప్పు కనిపిస్తే పెన్ను గీసిన చప్పుడు అయ్యాక "ఊఁ" అంటుంది. ఆ ఊఁ వినిపించేదాకా నేను తర్వాతి వాక్యానికి పోకూడదు. ఎంతకీ రాకపోతే అదే వాక్యం మళ్ళీ చదవాలి. రోజుకు ఆరువందల వాక్యాలకు తగ్గేవి కావు. నెలకు ఇరవై ఆరు పనిదినాలు. మూడేళ్ళ రెండు నెలలు పనిచేశాను. నా సెలవులూ ఆమె సెలవులూ తీసేసినా ఐదు లక్షల ఊఁలకు పైమాటే.

నేను చేరేనాటికి నాకు ఇరవై నాలుగు, ఆమెకు నలభై ఆరు. వాళ్ళది ఎన్నో తరాలుగా చింతాద్రిపేటలోనే ఉన్న నేతగాళ్ళ కుటుంబం. భర్త లేడు. కూవం నది పక్క సందులో ఒక గదిలో ఒంటరిగా ఉండేది. మొదటి రోజు నాకు ఒక విషాద కథ ఇచ్చారు. నేను గొంతు వణికిస్తూ చదివాను. ఆమె పెన్ను కింద పెట్టింది.

"ఏం మే, నాటకమా ఇది? సుమ్మా, ఊరికే చదువు. ఏడిచేదుంటే రాసినోడు ఏడ్చుకుంటాడు. మనకు కామా గావాల."

ఆమెకు ఒక నియమం ఉండేది. అచ్చుతప్పు మనది, కథ రాసినవాళ్ళది. ఒకసారి ఒక కథలో అమావాస్య నాడు నాయికా నాయకులు వెన్నెల్లో కూర్చున్నారు. నేను నవ్వాపుకోలేక, "అమావాస్య కొట్టేసి పున్నమి అని రాసేద్దాం అక్కా" అన్నాను. "రాసేదానికి మనమెవురు మే? అడిగేది మన పని. చెప్పేది వాళ్ళ పని" అని పక్క మార్జిన్లో ఒక ప్రశ్నగుర్తు పెట్టింది. ఆ గుర్తు రచయితకు చేరాలి, జవాబు రావాలి. జవాబు రాకపోతే కాపీలో ఉన్నట్టే పోతుంది. అలాంటి గుర్తులు ఆమె ఏడాదికి మూడో నాలుగో పెట్టేది, అంతే.

అప్పటికే నేను కథలు రాసి పత్రికలకు పంపుతున్నాను. ఇంట్లో తెలియకూడదని మారుపేరు పెట్టుకున్నాను. పంపినవి పందొమ్మిది, తిరిగొచ్చినవి పదిహేడు. మిగిలిన రెండూ ఏమయ్యాయో ఈ రోజుకూ తెలియదు. కవరు తిరిగొచ్చిన రోజు ఎవరికీ చెప్పేదాన్ని కాదు. నేను చదవడం మొదలుపెట్టిన పది నిమిషాలకు ఆమే అడిగేది.

"తిరిగొచ్చిందా?"

"ఏం రాలేదక్కా."

"వచ్చిండాది. ఈ పొద్దు చుక్కలన్నీ మింగతా ఉండావు. మధ్యాహ్నం తీసుకోనిరా, చూస్తాం."

మధ్యాహ్నం పెరుగన్నం తిని, ఆమె గోడకు ఆనుకుని కళ్ళు మూసుకునేది. నేను తిరిగొచ్చిన కథను చదివేదాన్ని. బాగుందనీ బాగాలేదనీ మూడేళ్ళలో ఒక్కసారి కూడా అనలేదు. ఊఁ అనేది. కొన్నిచోట్ల ఊఁ వచ్చేది కాదు. "ఆడ నాకేమీ వినపడలా" అనేది. ఇంటికెళ్ళి ఆ చోటు చూస్తే, నేను తెలియనిది తెలిసినట్టు రాసిన చోటే అయ్యేది. కథ రాయడం నాకు నేర్పింది ఎవరని అడిగినవాళ్ళకు పెద్దపెద్ద పేర్లు చెప్పాను. నిజానికి ఆ గోడ దగ్గర నేర్చుకున్నాను.

ఒక వానాకాలం మధ్యాహ్నం కరెంటు పోయి మిషన్లు ఆగాయి. ఆ రోజు కథేమీ లేదు. ఆమె ఉన్నట్టుండి చెప్పింది.

"వసంత చచ్చిపోయిన పొద్దు నేను ఈడికి పనికొచ్చినా మే."

వసంత ఆమె కూతురు. పదిహేడేళ్ళు. అంతకుముందు ఆ పేరు నేను వినలేదు.

"కామెర్లు. ఆ పొద్దు ఫారం మిషనెక్కి అచ్చు కావాల. పోవద్దుమా, ఈ పొద్దు ఒక్కటీ అనింది. నా కొంగు తన చేతికి ముడేసుకోని పండుకోనుండింది. సాయంత్రానికి వచ్చేస్తా అని పోయినా. మూడు గంటలకు మనిషొచ్చి చెప్పినాడు. ఆ పొద్దు ఏడు తప్పులు పట్టినా. ఒక్కటి కూడా తప్పిపోలా."

కరెంటు వచ్చింది. పనిలో కూర్చున్నాం.

ఆ మాటలు విన్న పదకొండో రోజుకు నా ఇరవయ్యో కథ పూర్తయింది. ప్రూఫ్ రీడరును ఎక్స్‌పోర్టు కంపెనీలో కుట్టుపని చేసే మనిషిగా మార్చాను. ఏడు తప్పులు ఏడు చొక్కాలయ్యాయి. కొంగు, ముడి, "పోవద్దమ్మా" అలాగే ఉంచాను. ఆ ముడి ఎలా వీడిందో ఆమె చెప్పలేదు. నేను కత్తెర తెచ్చాను. కుట్టుపని మనిషి కదా, కత్తెర అందుబాటులోనే ఉంటుంది. రాసినప్పుడు ఆ వాక్యాన్ని రెండుసార్లు పైకి చదువుకున్నాను. మంచి వాక్యం పడిందన్న సంతోషంతో, ఇంకే కారణమూ లేదు. మా ప్రెస్సులో అచ్చు కాని పత్రికను వెతికి మరీ దానికి పంపాను. అంటే చేస్తున్నదేమిటో నాకు తెలుసు.

ఏడు వారాలకు ఆ పత్రిక ప్రెస్సులో మిషను పాడై, ఆ నెల వాళ్ళ పని మాకొచ్చింది. ఒక మంగళవారం పొద్దున బల్లమీది కట్ట విప్పితే పైనే నా చేతిరాత. పత్రికవాళ్ళ ఉత్తరం నాకింకా అందలేదు. నా మొదటి కథ అచ్చవుతోందని నాకు తెలిసింది అలా. ఆ సంతోషం ఎంతసేపుందో చెప్పగలను. ఆమె కుర్చీ జరుపుకుని, ప్రూఫు సరిచేసుకుని, "ఊఁ, చదువు" అనేదాకా.

కడుపునొప్పని లేచి వెళ్ళవచ్చు. వెళ్ళలేదు. భయపడి కూర్చుండిపోయానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అచ్చయ్యే నా కథకు ఆమె ఊఁ కొడితే వినాలన్న ఆశ కూడా ఉంది.

మొదటి పేజీ అంతా ఊఁ వచ్చింది. "పోవద్దమ్మా" దగ్గర కాస్త ఆలస్యంగా వచ్చింది. తర్వాతి వాక్యం చదివాను. "ముడి విప్పే తీరిక లేక, కామా, బల్లమీది కత్తెర తీసి కొంగు చివర కోసేసి, కామా, ఆమె బయటికి నడిచింది, చుక్క."

ఊఁ రాలేదు. పెన్ను చప్పుడూ లేదు. లోపల మిషను కొట్టుకుంటోంది. నియమం ప్రకారం మళ్ళీ చదవాలి. మళ్ళీ చదివాను.

"కత్తెర కాదు మే" అంది. గొంతు ఎప్పటిలాగే ఉంది. "విప్పినా. బిగుసుకోనుండింది. గోళ్ళకు రాలా. పళ్ళతో విప్పినా. అది కండ్లు తెరుచుకోని చూస్తానే ఉండింది."

నేను తలెత్తలేదు.

"కాపీలో ఏముండాదో చూసి చెప్పు."

చూడాల్సిన పని లేకపోయినా చూశాను. "కత్తెరే ఉందక్కా."

"సరి." మార్జిన్లో ప్రశ్నగుర్తు పెట్టింది. "రాసినోళ్ళు చెప్తారు. చదువు."

చివరిదాకా చదివాను. చివరిదాకా ఊఁ కొట్టింది. ఆ ప్రూఫు నా దగ్గరే ఉంది. ఆమె పట్టిన అచ్చుతప్పులు పదకొండు, అన్నీ సరైనవే.

సాయంత్రం ఫోర్‌మన్ వచ్చి, రచయితను అడిగే వ్యవధి లేదు, ఈ ప్రశ్నను ఏం చేద్దామని ఆమెను అడిగాడు. ఆమె నావైపు చూసింది. ఆ ఒక్కసారే చూసింది. "కాపీ ప్రకారం పోనివ్వండి" అన్నాను.

కథకు మంచి పేరొచ్చింది. పత్రిక ద్వారా నలభై ఆరు ఉత్తరాలు వచ్చాయి. ముప్పై ఒక్క ఉత్తరాల్లో కత్తెర ప్రస్తావన ఉంది. ఆ తర్వాత ఐదు నెలలు మేమిద్దరం అదే బల్ల దగ్గర పనిచేశాం. ఊఁలు తగ్గలేదు. నేనే ధైర్యం చేసి ఒక మధ్యాహ్నం కొత్త కథ తీశాను. "నాకు కండ్లు నొప్పి మే. నువ్వే చదువుకో" అంది. నా కథలు వినేటప్పుడు ఆమె కళ్ళు ఎప్పుడూ మూసే ఉండేవి.

సీసపు అక్షరాలు అక్కర్లేని ఆఫ్‌సెట్ అచ్చు వచ్చి ఆ ప్రెస్సు మూతపడింది. మరో ఆరేళ్ళకు, అక్కడ అక్షరాలు పేర్చిన ఒక కంపోజిటరు బస్టాపులో కనిపించి, ఆమె పోయిందని చెప్పాడు. అప్పటికి తొమ్మిది రోజులైంది. సందులోకి వెళ్ళాను. తాళం వేసి ఉంది. క్షమించమని ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ కథ నా సంపుటాల్లో నాలుగుసార్లు మళ్ళీ అచ్చయింది. నాలుగుసార్లూ ప్రూఫులు నా చేతికే వచ్చాయి. నాలుగుసార్లూ కత్తెర అలాగే ఉంచాను. ఆ కథలో నాది అంటూ ఉన్నది అదొక్కటే.

ఇప్పుడొచ్చింది ఐదో ప్రూఫు. నిన్న ఫోను ఆపి, భూతద్దం పెట్టుకుని, కత్తెర కొట్టేశాను. పళ్ళతో విప్పిందని రాసి, పక్కింటావిడ చేత ఆ పేజీ ఫోనులో పంపించాను. ఈ పొద్దున పబ్లిషరు ఫోను చేశాడు. "కత్తెరే బాగుందమ్మా. అందరికీ గుర్తుండేది అదే."

"బాగుంది నాయనా. జరగలేదు" అన్నాను.

ఈ రోజుకూ నేను రాసింది కామాలతో చుక్కలతో పైకి చదువుకుంటాను. ప్రతి చుక్క దగ్గరా ఒక ఊఁ పట్టేంతసేపు ఆగుతాను. దిద్దిన వాక్యాన్నీ అలాగే చదివాను. "ముడి బిగుసుకుపోయి గోళ్ళకు రాకపోతే, కామా, పళ్ళతో విప్పి, కామా, ఆమె బయటికి నడిచింది, చుక్క."

ఆగాను. తర్వాత, నియమం ప్రకారం, మళ్ళీ చదివాను.