తలకిందుల రాజు

సోషల్ మాస్టారికి ఉండకూడని జబ్బు ఒకటి నాకుంది. ఒకప్పుడు ఓడ వర్తకంలో మన తీరానికి చేరిన పాత రోమన్ వెండి నాణేలంటే పిచ్చి. అనకాపల్లిలో పాత వెండి కొనే కొట్ల చుట్టూ పన్నెండేళ్ళు తిరిగి తొమ్మిది పోగేశాను. వాటిలో రెండు నకిలీవని తర్వాత తేలింది. అన్నిటికంటే బాగా మెరిసేవి ఆ రెండే కాబట్టి, ఇంటికెవరొచ్చినా మా ఆవిడ వాటినే చూపిస్తుంది. నాకు ఒక్కటే నియమం. పాత నాణేన్ని కడగకూడదు. పైన పట్టిన నలుపు పోతే దాని వయసూ పోయినట్టే.

మాకు చేపలు తెచ్చే ఆమె సముద్రం ఒడ్డు ఊరి నుంచి పొద్దున్నే ఆటోలో వస్తుంది. ఆమె మెడలో నల్లతాడుకి ఒక బిళ్ళ ఉండేది. శుక్రవారం శుక్రవారం పసుపు మెత్తి మెత్తి, ముందువైపంతా ముద్ద కట్టింది. అది వాళ్ళ అమ్మోరట. కూతురి తొలి కాన్పుకి ముందు తల్లి తన మెడలోంచి తీసి కూతురికి కడుతుందట. పదేళ్ళు చూస్తూనే ఉన్నా పట్టించుకోలేదు. ఒకరోజు కానాగంత చేపల పొలుసు గీస్తూ ఆమె వంగేసరికి బిళ్ళ తిరగబడింది. వెనకవైపు ఒక మగవాడి తల, చుట్టూ లాటిన్ అక్షరాలు!

కళ్ళజోడు కోసం ఒక పరుగు, నాణేల పుస్తకం కోసం ఇంకో పరుగు. అనుమానం లేదు, రెండు వేల ఏళ్ళ నాటి రోము చక్రవర్తి. తలకి ఆకుల దండ. పుస్తకంలో ఆ తల కనబడగానే పేజీ మూసేశాను. తాడు కోసం బెజ్జం మాత్రం సరిగ్గా ఆయన గొంతులో పొడిచారు. ఎవడా బుద్ధిలేనివాడని తిట్టుకున్నాను. ఆ ఊపులో నోరు జారాను.

"ఇది అమ్మోరు కాదమ్మా. ఎక్కడో సముద్రం అవతలి రాజు."

ఆమె చేపలు కోసిచ్చి, బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. నేను ఆ రోజు బడిలో పిల్లలకి రోము గురించి చెప్పాను. చెప్పాల్సిన పాఠం భూకంపాలు.

నాలుగు రోజుల తర్వాత బిళ్ళ ఆమె మెడలో లేదు, చేతిలో ఉంది.

"మీరన్న మాట ఇంటికాడ సెప్పేను బాబూ. నా కూతురు ఏసుకోనంతంది. ఎవుడో రాజు మొగం నాకెందుకంతంది. నెల తిరిగితే కాన్పు. ఇది మీరే ఉంచుకోండి, దానికో కొత్త ఎండిబిళ్ళ ఇప్పించండి."

సిగ్గుపడాల్సింది పోయి సంతోషపడ్డాను. కొత్త బిళ్ళ రెండు రోజుల్లో తెచ్చిపెడతానని మాటిచ్చి, నాణెం బల్ల మీద పెట్టి బడికి పోయాను.

సాయంత్రం వచ్చేసరికి మా ఆవిడ దాన్ని కుంకుడు రసంలో నానబెట్టి, పాత బ్రష్షుతో తోమి, గుడ్డ మీద ఆరబెట్టింది. నీసు వాసన భరించలేకపోయిందట. నా అరుపుకి పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగిచూశారు.

"ముందు చూడండి, తర్వాత అరుద్దురుగాని," అంది తను.

పసుపు పోయిన వైపు ఒక స్త్రీ పీఠం మీద కూర్చుని ఉంది. ఒక చేతిలో కర్ర, రెండో చేతిలో ఆకుల కొమ్మ. నేను మూసేసిన పేజీలోనే ఆమె బొమ్మ ఉంది, శాంతి దేవత అయ్యుండవచ్చని కింద రాసి ఉంది. తాడు పట్టుకుని పైకెత్తాను. ఆమె నిటారుగా కూర్చుంది. రాజు వెనకాల తలకిందులుగా వేలాడాడు. బెజ్జం పొడిచినవాడు తనకి ఏ వైపు కావాలో చూసుకుని, ఆమె తలకి తగలకుండా పైన పొడిచాడు. బుద్ధిలేనివాడెవరో మా ఆవిడ చెప్పకుండానే తెలిసింది.

నోరు మూసుకుంటే నాణెం నాదే. ఒక గంటసేపు మూసుకున్నాను కూడా. నాణేల పెట్టెలో పదో గదిలో పెట్టి చూసుకున్నాను, ముచ్చటగా ఉంది. కానీ పొద్దున బిళ్ళ నా చేతిలో పెట్టాక కూడా ఆమె కళ్ళు దాన్ని వదల్లేదు. అది గుర్తొచ్చాక కాఫీ కూడా సయించలేదు. కొత్త బిళ్ళ కొనడం మానేసి, ఆదివారం వాళ్ళ ఊరికి బస్సెక్కాను.

తప్పు నాదేనని, వెనకవైపు చూసి వాగానని కూతురికి చెప్పాను. ఆ అమ్మాయి బిళ్ళని చాలాసేపు తిప్పి చూసింది. కొమ్మ మీద వేలు పెట్టి, "యాపమండే," అంది తల్లితో. పుస్తకంలో అది ఆలివ్ కొమ్మ. సోషల్ మాస్టారు ఈసారి నోరెత్తలేదు.

తల్లి బిళ్ళని కూతురి మెడలో కట్టింది. అప్పటికప్పుడు పసుపు కలిపి దట్టంగా మెత్తింది. నా కళ్ళముందే దేవత మళ్ళీ ముద్దలోకి వెళ్ళిపోయింది. తల్లి చేతులు కడుక్కుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"తుపానులో మా మగోళ్ళు యాటకెళ్ళినప్పుడు గూడా నానింత బయపళ్ళేదు బాబూ. ఈ వారంరోజులూ పడ్డాను."

 ఇంతలో కూతురు చేపల పులుసుతో అన్నం వడ్డించింది. రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.