మా బావ పాడిన వేలంపాట

మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉన్నది సరుకా, తుక్కా అన్న వాదన నాకూ మా ఆవిడకూ మధ్య పెళ్ళయిన కొత్తలోనే మొదలైంది. సమైక్యాంధ్ర బందులన్నీ సద్దుమణిగిన ఏడాదికి అది ముదిరి పాకాన పడింది.

సాలూరులో లారీ లేని ఇల్లు ఉండొచ్చేమో గానీ, లారీ ముక్క లేని ఇల్లు ఉండదు. నాది పాత లారీల స్పేర్ పార్టుల దుకాణం. కొత్త బళ్ళు దిగి, పాతవి తూకానికి వెళ్ళిపోతుంటే, వాటిలో నాకు ముద్దొచ్చినవన్నీ ఊడదీయించి షెడ్డుకి చేర్చేవాణ్ణి. ఇత్తడి హారన్లు, గిన్నెల్లాంటి హెడ్‌లైట్లు, ముల్లు కదలని మీటర్లు. వ్యాపారిగా నాకున్న గొప్ప నేర్పు ఒక్కటే: కొనడం.

ఆ వానాకాలం టైర్ల వెనక నుంచి పాము బయటికొచ్చింది. దానికైనా నా సరుకు విలువ తెలిసిందని నేను సంతోషించేలోపే మా ఆవిడ చీపురుతో గుమ్మంలో నిలబడింది.

"దసరాకి ఈ షెడ్డు కడిగి పూజ సెయ్యాల. తుక్కాయన్ని కాటా అట్టుకుని రమ్మన్నాను. ఈలోగా ఇందులో ఒక్క ముక్క, ముక్కూ మొకం ఎరగనోడు ముచ్చటపడి కొన్నాడని సూపించండి. అప్పుడు నేనూ సరుకే అంటాను. నేదంటే మొత్తం కాటా మీదకే."

ముక్కూ మొహం ఎరగనివాడు! సాలూరులో నాకు అలాంటి మనిషి దొరకడం కష్టం. అప్పుడు గుర్తొచ్చింది, దుకాణంలోని కంప్యూటరు.

పాత వస్తువుల్ని వేలం వేసే సైటొకటి ఉందని ఎవరో చెప్పగా విన్నాను. ఇంటర్నెట్ డాంగిల్ కిటికీ ఊచకి కట్టి, సిగ్నలు అందుకుని, లోపలికి వెళ్ళి చూద్దును కదా, ఎక్కడో రాజస్థాన్‌లో నా దగ్గరున్నలాంటి ఇత్తడి హారన్ కోసం జనం పోటీపడి పాడుతున్నారు! మా ఆవిడ పెట్టిన అన్నం చల్లారిపోయింది, నేను వేడెక్కిపోయాను. వేలం సంగతేమో గానీ వెర్రి మాత్రం అప్పుడే పట్టేసింది. ఉన్నవాటిలో అందమైన హారన్ తీసి, చింతపండుతో తోమి, ఎండలో పెట్టి ఫోటో తీశాను. పాము చుట్టలా వంపు తిరిగిన గొట్టం, చివర నల్లటి రబ్బరు బుడ్డి. మా ఆవిడ పెళ్ళినాటి బిందె కూడా అంత మెరవలేదు. ఈ మాట మాత్రం ఆవిడతో అనలేదు.

ఇక అక్కణ్ణుంచి సైటువాళ్ళ పాట మొదలైంది. వస్తువు పెట్టడానికి ఫీజు. ఇంతకు తక్కువైతే అమ్మనని రహస్యంగా ఒక ధర పెట్టుకుంటే దానికో ఫీజు. పేరు లావు అక్షరాల్లో కనబడాలంటే ఆ లావుకీ ఫీజు. అమ్ముడైతే కమీషన్, ఆ డబ్బు నా ఖాతాకి నడిచి వచ్చే దారిలో ఇంకో కమీషన్. ఊళ్ళో నేను కోసే కోతలకి పేరుంది, కానీ వీళ్ళ కోతల ముందు నేను పసివాణ్ణి. పైగా కొత్తగా చేరినవాణ్ణి కాబట్టి ఇన్నిటికి మించి పెట్టకూడదట, సరుకు చేరేదాకా సొమ్ము వాళ్ళ దగ్గరే ఉంటుందట. కొనేవాళ్ళు పలకరిస్తారని వివరాల చివర నా ఫోను నంబరు రాస్తే, అంకె అంకెకీ ఒక చుక్క పెట్టేశారు. చుక్కలు చూపించడమంటే ఏమిటో ఆ రోజు కళ్ళారా చూశాను.

అయినా నా ఉత్సాహం తగ్గలేదు. గంటకోసారి వెళ్ళి చూసుకునేవాణ్ణి. చూసినవాళ్ళ సంఖ్య పెరుగుతోంది, పాట మాత్రం లేదు. తర్వాత తెలిసిందేమిటంటే, ఆ చూసినవాళ్ళలో ఎక్కువమంది నేనే.

ఈ సంగతి మా బావకు తెలిసింది. మా ఆవిడకి అన్నయ్య, నాలుగు లారీల యజమాని, మెయిన్ రోడ్డులో ఆఫీసు. మా వైపు వేలంపాటకి ఒక మర్యాద ఉంది. చెరువు చేపలైనా, చింతతోపైనా, వినాయకుడి లడ్డూ అయినా, పాట పెట్టిన మనిషి తాలూకు వాళ్ళే ముందు పాట ఎత్తుకోవాలి. పైవాడు పాడితే, అతని మీద మరో మెట్టు పాడి రేటు లేపాలి. తీరా "ఒకటోసారి, రెండోసారి" అయ్యాక, మూడోసారి అనబోయే ముందు పైవాడికి చోటిచ్చి మర్యాదగా తప్పుకోవాలి. పెళ్ళిలో వడ్డనకి నిలబడినట్టే, చుట్టం వేలానికి పాటకి నిలబడడం కూడా ఒక బాధ్యత. నిలబడనివాణ్ణి ఏళ్ళ తరబడి దెప్పుతారు.

బావ నా దుకాణంలోకి వస్తూనే కేకేశాడు. "ఏటి బావా, పాట ఎట్టినావట, ఒక్కడూ పాడ్నేదట! నాను సచ్చిపోనాననుకున్నావేటి?"

"అది మన ఊరి పాట కాదు బావా, కంప్యూటర్లో పాట."

"ఎందల్లో అయితే ఏటి? పాట పాటే. నువ్వలగ కూకో."

నేను అలాగే కూర్చున్నాను. నాకు వచ్చిన పని అదొక్కటే కాబట్టి బాగా చేశాను. మర్నాటికి హారన్ మీద ఒక పాట పడింది. సాయంత్రానికి మూడు. దుకాణం గుమ్మంలో నుంచి గెంతి రోడ్డు మీద పడ్డాను. టీ కొట్టు దగ్గర బావా, ఇద్దరు లారీ ఓనర్లూ నవ్వుతూ కనిపించాకే అసలు సంగతి బోధపడింది. బావ ఆఫీసులో గుమాస్తా చేత తలా ఒక ఖాతా తెరిపించి, ఒకే కంప్యూటరులో వంతులవారీగా పాడుతున్నారు.

"సొంతోళ్ళు పాడితే ఆళ్ళు ఒప్పుకోరేమో బావా," అన్నాను భయంగా.

"సొంతోళ్ళు పాడకపోతే మరెవళ్ళు పాడతారు?" అన్నాడు బావ.

అయితే, ఆ మర్నాడు నిజంగానే ముక్కూ మొహం ఎరగనివాడొకడు పాటలోకి దిగాడు. కోయంబత్తూరు నుంచి! మా ఆవిడని పిలిచి తెర మీద ఊరి పేరు చూపించాను. ఆవిడ కళ్ళు చికిలించి చదివి, "ఆడు గెలిస్తే సరుకే. మా అన్నియ్య గెలిస్తే మాత్రం సెల్లదు," అని ముందే గీత గీసేసింది.

పాట ముగిసే మధ్యాహ్నం దుకాణంలో సినిమా హాలంత జనం. బావ తన గుమాస్తానీ లాప్‌టాప్‌నీ వెంటబెట్టుకొచ్చి కౌంటరు మీద తిష్ఠ వేశాడు. కోయంబత్తూరు పాడితే, బావ ఒక మెట్టు ఎక్కుతాడు. కోయంబత్తూరు ఇంకో మెట్టు. ప్రతి మెట్టుకీ వెనక నుంచి ఈలలు.

"సాలు బావా, ఇంక దిగిపో," అన్నాను.

"ఉండహె! ఆడి దగ్గర ఇంకా ఉన్నాది. ఒక్క పాట. మూడోసారి అనకముందు దిగిపోతాను కదేటి," అన్నాడు బావ, గుమాస్తా చేత మీట నొక్కిస్తూ.

బావ పాట పైకెక్కింది. అందరం కోయంబత్తూరు కోసం ఊపిరి బిగబట్టాం. తెర మీద గడియారం మాత్రం ఊపిరి బిగబట్టలేదు. సున్నాకొచ్చి ఆగిపోయింది. అభినందనలు, మీ వస్తువు అమ్ముడైంది, అని ఆకుపచ్చ అక్షరాలు మెరిశాయి. కింద గెలిచినవారి ఊరు: సాలూరు.

ఈల వెయ్యబోయినవాళ్ళు నోట్లోంచి వేళ్ళు తీసేశారు.

"అదేటి!" అన్నాడు బావ తెల్లబోయి. "ఒకటోసారి అన్నేదు, రెండోసారి అన్నేదు. అలగ ఎలగ కొట్టేస్తారు? ఇదేం పాట్రా నాయినా!"

ఈ పాటకి ఫలితం వెంటనే అందింది. మా హారన్‌ని మా బావకి అమ్మిపెట్టినందుకు నా మీద కమీషన్ పడింది. మర్నాడు ఇంకో మెయిలు: ఒకే చోటి నుంచి అనుమానాస్పదంగా పాటలు వచ్చాయి కాబట్టి, నెల రోజులు నేను కొత్త వస్తువులు పెట్టకూడదు. నాకొచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టి, మా చింతతోపుల మర్యాద, లడ్డూల ఆనవాయితీ, చుట్టాల బాధ్యత అన్నీ వివరించి రాశాను. క్షణంలో జవాబొచ్చింది, మీ సహనానికి ధన్యవాదాలు అని. అంతే. అంత వేగంగా నా ఉత్తరం చదివింది మనిషి కాదని నాకే అర్థమైంది. నా సహనం సంగతి తెలిసినవాళ్ళు మా ఇంట్లో ఉన్నారు, వాళ్ళెప్పుడూ దానికి ధన్యవాదాలు చెప్పలేదు.

"తుక్కాయన వచ్చే లక్ష్మివారం వస్తానన్నాడు," అంది మా ఆవిడ, పప్పు వడ్డిస్తూ. గొంతులో జాలి ఉంది గానీ సడలింపు లేదు.

నేను మళ్ళీ ఆ సైటులో పడి మూలమూలలా గాలించాను. గెలిచినవాడు వద్దంటే, తర్వాతి పాటవారికి వస్తువు ఇవ్వజూపే మీట ఒకటి అడుగున నక్కి ఉంది! బావ చేత పొరపాటైందని రాయించాను. "నా జన్మలో పాట పాడి వెనక్కి తీసుకోనేదు," అని గొణుగుతూనే రాయించాడు పాపం. మీట నొక్కి, కళ్ళు మూసుకున్నాను. సాయంత్రానికి కోయంబత్తూరు సరేనన్నాడు. డబ్బు కూడా కట్టేశాడు.

నా కేక విని పక్క దుకాణం వాళ్ళు ఎవరికో కరెంటు కొట్టిందనుకున్నారు.

కానీ సైటువాళ్ళ కొరియరులోనే పంపాలట. ఆ కొరియరు సాలూరు రాదట. మా పిన్‌కోడుకి సేవలు లేవని ఎర్ర అక్షరాల్లో చెప్పేసింది. దేశం నాలుగు మూలలకీ సరుకులు మోసే లారీలున్న ఊళ్ళో, ఒక్క హారన్ మోసేవాడు లేడు! సంచీలో పెట్టుకుని విజయనగరం బస్సెక్కాను.

రామభద్రపురంలో ఎక్కిన ఒక పెద్దామె చోటు చూసుకుని నా పక్కన కూర్చుంటూ సంచీ మీద చెయ్యి ఆనించింది. "భోం!" అని బస్సంతా దద్దరిల్లింది. డ్రైవరు అదిరిపడి, వెనక ఏదో లారీ తోసుకొస్తోందని బస్సు పక్కకి తీశాడు. కండక్టరు నా దగ్గరకొచ్చి, "ఏటి బాబూ, లారీకి టిక్కెట్టు తీసినావా?" అన్నాడు. బస్సులో నవ్వులు గజపతినగరం దాకా ఆగలేదు. సిగ్గుపడాల్సింది పోయి, నేను గర్వంతో ఉబ్బిపోయాను. ఇన్నేళ్ళూ షెడ్డులో మూలుగుతున్న హారన్, ఒక్క మాటతో బస్సుని పక్కకు తప్పించింది.

కొరియరు ఆఫీసులో కుర్రాడు టేపుతో పెట్టె కొలిచాడు. "బరువు కాదు సార్, సైజుని బట్టి రేటు. లోపల గాలున్నా పడతాది."

"హారన్లో గాలి కాక మరేటుంటాది బాబూ?" అన్నాను. అతను నవ్వాడు గానీ తగ్గించలేదు. వాళ్ళ కోతలన్నీ పోగా, నాకు మిగిలింది బస్సు ఛార్జీకి కొంచెం ఎక్కువ, టిఫినుకి కొంచెం తక్కువ.

"ఆడు గెలవనేదు, మా అన్నియ్య వదిలేస్తే తీసుకున్నాడు," అని మా ఆవిడ కబురు వెనక్కి తీసుకోలేదు. లక్ష్మివారం తుక్కాయన రానే వచ్చాడు. కాటా దించి, షెడ్డు తలుపు దగ్గర బీడీ వెలిగించాడు. మా ఆవిడ తాళం తీస్తోంది. సరిగ్గా అప్పుడే నా ఫోను మోగింది. తమిళం కలిసిన తెలుగు. కొరియరు చీటీ మీద నా నంబరు చూశాడట. సైటువాళ్ళు చుక్కలు పెట్టడం మరిచిన చోటు అదొక్కటే.

"సార్, హారన్ వచ్చింది. మా తాత బండికి బిగించినాను. వినండి," అన్నాడు.

స్పీకరు నొక్కాను. కోయంబత్తూరు నుంచి మా హారన్ మా పెరట్లో మోగింది. తుక్కాయన బీడీ జారవిడిచాడు. మా ఆవిడ తాళంచెవి చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"సార్, ఇంకేమున్నాయి మీ దగ్గర? హెడ్‌లైట్లు? మీటర్లు? నేనే బయల్దేరి వస్తాను, చూపిస్తారా?"

నేను నోరు తెరిచేలోపు మా ఆవిడ ఫోను లాక్కుంది. "ఉన్నాయి బాబూ, అన్నీ ఉన్నాయి. మా ఆయనకి రేట్లు తెలవవు. నువ్వొచ్చి నాతో మాట్లాడు," అని చెప్పి, తుక్కాయన వైపు తిరిగింది. "నువ్వలగ నీడన కూకో అన్నా. ఏది సరుకో, ఏది తుక్కో సూసి సెప్తాను."

ఆ పూటంతా ఇద్దరం షెడ్డులోని సామానంతా బయటికి మోసుకొచ్చాం. అడుగు ఊడిపోయి, వేలు పెడితే పొడి రాలుతున్న సైలెన్సరు ఒకటి నా చేతికొచ్చింది.

"ఇది మట్టుకు తుక్కేనే," అన్నాను నిజాయితీగా.

"నోర్ముయ్యండి!" అని నా చేతిలోంచి లాక్కుని, చీర కొంగుతో దాని తుప్పు తుడవడం మొదలుపెట్టింది మా ఆవిడ. తుక్కాయన రెండు టీలు తాగి, ఖాళీ కాటా భుజాన వేసుకుని లేచాడు.